ఆర్‌జీఎస్ డేటా: సోర్స్ కోఆర్డినేట్లు నేనే ఇచ్చాక ఆక్సిజన్ లైన్ జరిగిపోయింది, ఎక్కడ తప్పు చేశాను?

సింధూర | పుణె | సోమవారం, రాత్రి 11:42

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ ఇక్కడ చదువుతూ వచ్చాను, రాయడం ఇదే మొదటిసారి. పీహెచ్‌డీ రెండో సంవత్సరం. ఎక్స్‌ఎంఎం-న్యూటన్ అనే ఎక్స్‌రే ఉపగ్రహంలోని ఆర్‌జీఎస్ (గ్రేటింగ్‌తో స్పెక్ట్రమ్ తీసే పరికరం) డేటా మీద పని చేస్తున్నాను. దగ్గర్లో ఉన్న ఒక ఎర్ర మరుగుజ్జు నక్షత్రం, 2019లో తీసిన అబ్జర్వేషన్. పేపర్ ఇంకా పంపలేదు కాబట్టి నక్షత్రం పేరు చెప్పలేకపోతున్నాను, ఏమనుకోవద్దు.

సమస్య ఇది. సాస్‌లో (ఈ ఉపగ్రహం డేటాకి వాడే సాఫ్ట్‌వేర్) ఆర్‌జీఎస్‌ప్రాక్ అనే ప్రోగ్రామ్ నడిపేటప్పుడు సోర్స్ కోఆర్డినేట్లు నేనే ఇచ్చాను. విత్‌సోర్స్ ఆప్షన్ యెస్ అని పెట్టి, లేబుల్ యూజర్ అని ఇచ్చి, ఆర్‌ఏ, డెక్ (ఆకాశంలో రేఖాంశం, అక్షాంశం లాంటివి) డిగ్రీల్లో రాశాను. ఎర్రర్లు ఏమీ రాలేదు. స్పెక్ట్రమ్ చూడ్డానికి బాగుంది. కానీ ఆక్సిజన్ 8 లైమన్ ఆల్ఫా లైన్ 18.97 ఆంగ్‌స్ట్రామ్ దగ్గర ఉండాల్సింది 18.99 దగ్గర కూర్చుంది. ఫిట్ చేస్తే తేడా 0.023. అంటే ఆ నక్షత్రం మననుంచి సెకనుకు 360 కిలోమీటర్లకు పైగా వేగంతో దూరం వెళ్తోందని అర్థం. ఆప్టికల్‌లో తెలిసిన వేగం 20 కిలోమీటర్లే.

మా గైడ్ గారు "ముందు కోఆర్డినేట్లు చూడమ్మా" అన్నారు. మూడుసార్లు చూశాను. కేటలాగ్‌లో ఉన్న నంబర్లే, జే2000. అంకె కూడా తేడా లేదు. శుక్రవారం గ్రూప్ మీటింగ్‌లో ఇది చూపించాలి, చాలా టెన్షన్‌గా ఉంది. ఎక్కడ వెతకాలో చెప్తే చాలు.

నీలాకాశం | యూట్రెక్ట్ | సోమవారం, రాత్రి 11:58

సింధూర గారూ, మూడు విషయాలు చెప్పండి.

ఒకటి, మిగతా లైన్లు ఎంత జరిగాయి? వేగంలో కాదు, ఆంగ్‌స్ట్రామ్‌లలో చెప్పండి. రెండు, నక్షత్రం ప్రాపర్ మోషన్ (ఆకాశంలో ఏటా చోటు మారే వేగం) ఎంత? మూడు, మీరు తెరిచిన స్పెక్ట్రమ్ ఫైలు పేరు చివర 001 ఉందా, 003 ఉందా?

మొదటిదానికి జవాబు వస్తే సగం తేలిపోతుంది.

సింధూర | మంగళవారం, ఉదయం 9:15

రాత్రే చూసి ఉండాల్సింది, నిద్రపోయాను. ఇప్పుడు నాలుగు లైన్లు విడివిడిగా ఫిట్ చేశాను.

నియాన్ 10, అంటే 12.13 దగ్గరది, 0.022 జరిగింది. ఆక్సిజన్ 8 ఇందాక చెప్పినట్టు 0.023. నైట్రోజన్ 7, 24.78 దగ్గరది, 0.023. కార్బన్ 6, 33.74 దగ్గరది, 0.024. అన్నీ ఎరుపు వైపే, అంటే తరంగదైర్ఘ్యం పెరిగే వైపే.

ఫైలు చివర 003 ఉంది. ప్రాపర్ మోషన్ ఏడాదికి 0.6 ఆర్క్‌సెకన్లు.

నీలాకాశం | మంగళవారం, ఉదయం 11:30

దొరికింది. ఇది వేగం కాదు, స్థానం.

డాప్లర్ వల్ల జరిగితే జరుగుడు తరంగదైర్ఘ్యంతో పాటు పెరగాలి. కార్బన్ లైన్ నియాన్ లైన్ కంటే దాదాపు మూడు రెట్లు ఎక్కువ జరగాలి. మీ నాలుగు లైన్లూ ఒకే మోతాదులో జరిగాయి. అదే 0.023ని వేగంగా మార్చి చూడండి: నియాన్ దగ్గర సెకనుకు 568 కి.మీ., ఆక్సిజన్ దగ్గర 364, నైట్రోజన్ దగ్గర 278, కార్బన్ దగ్గర 204 వస్తుంది. ఒకే నక్షత్రానికి నాలుగు వేగాలు ఉండవు కదా.

ఆర్‌జీఎస్‌లో సోర్స్ ఎక్కడుందని మనం చెప్తామో, తరంగదైర్ఘ్యం స్కేలు అక్కడినుంచే మొదలవుతుంది. డిస్పర్షన్ దిశలో (గ్రేటింగ్ వెలుగును పరిచే దిశ) ఒక ఆర్క్‌మినిట్ (డిగ్రీలో అరవయ్యో వంతు) తప్పు చెప్తే మొదటి ఆర్డర్‌లో 0.138 ఆంగ్‌స్ట్రామ్ జరుగుతుంది, రెండో ఆర్డర్‌లో అందులో సగం. ఆర్క్‌సెకనుకు లెక్కేస్తే 2.3 మిల్లీ ఆంగ్‌స్ట్రామ్. మీ 23 మిల్లీ ఆంగ్‌స్ట్రామ్ అంటే సరిగ్గా 10 ఆర్క్‌సెకన్లు.

ఇప్పుడు మీ ప్రాపర్ మోషన్ చూడండి. 0.6ని 2000 నుంచి 2019 దాకా 19 ఏళ్లతో గుణిస్తే 11.4 ఆర్క్‌సెకన్లు. అందులో డిస్పర్షన్ దిశలో పడ్డ భాగం 10 అయి ఉంటుంది. మీరిచ్చిన కోఆర్డినేట్లలో అంకె తప్పు లేదు, నిజమే. అవి 2000లో నక్షత్రం ఉన్న చోటు. 2019లో అది అక్కడ లేదు.

రామప్ప దీపం | వరంగల్ | మంగళవారం, మధ్యాహ్నం 1:05

నేను సాఫ్ట్‌వేర్ మనిషిని, ఖగోళం మీద ఇష్టంతో ఇక్కడికి వస్తుంటాను. ఒక సందేహం. స్పెక్ట్రమ్ అంటే వెలుగులో ఏ తరంగం ఎంత ఉందో చూడటమే కదా. నక్షత్రం కాస్త పక్కన ఉంటే దాని వెలుగు మారదు. మరి తరంగదైర్ఘ్యం ఎందుకు మారినట్టు కనిపిస్తుంది? మామూలు టెలిస్కోపులో కూడా ఇలాగే జరుగుతుందా?

మాస్టారు | తెనాలి | మంగళవారం, మధ్యాహ్నం 3:20

నాయనా, ఈ ప్రశ్నకు నేను జవాబు చెప్తాను. ముప్పై ఏళ్లు డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ ప్రాక్టికల్స్ చేయించాను.

బీఎస్సీలో గ్రేటింగ్ ప్రయోగం గుర్తు తెచ్చుకో. సోడియం లాంప్ వెలిగించి, కాలిమేటర్ ముందు సన్నని స్లిట్ పెడతాం. గ్రేటింగ్ బిగించే ముందు టెలిస్కోపును తిన్నగా స్లిట్‌కి ఎదురుగా తెచ్చి క్రాస్ వైర్ మీద ఆ గీతను నిలబెట్టి డైరెక్ట్ రీడింగ్ రాసుకుంటాం. తర్వాత టెలిస్కోపును 90 డిగ్రీలు తిప్పడం, ప్రతిబింబం పడేదాకా ప్రిజమ్ టేబుల్ తిప్పడం, మళ్లీ 45 డిగ్రీలు తిప్పడం. ఇదంతా ఎందుకు? వెలుగు గ్రేటింగ్ మీద ఏ కోణంలో పడుతోందో కచ్చితంగా తెలియాలని. ఆ కోణం తప్పితే పసుపు గీత రీడింగ్ తప్పుతుంది. తరంగదైర్ఘ్యం 5893 రావాల్సింది ఇంకేదో వస్తుంది. లాంప్‌లో సోడియం మారలేదు, నీ లెక్కలో కోణం మారింది.

ఈ ఉపగ్రహంలో స్లిట్ లేదు. నక్షత్రమే స్లిట్. ఆకాశంలో దాని చోటును బట్టే పతన కోణం ఉంటుంది. నక్షత్రం ఇక్కడుందని నువ్వు చెప్తే యంత్రం ఆ కోణంతోనే లెక్క కడుతుంది. చోటు తప్పు చెప్తే కోణం తప్పు. కోణం తప్పితే ప్రతి గీతా ఒకే మోతాదులో పక్కకి జరుగుతుంది.

స్లిట్ ఉన్న టెలిస్కోపులో నక్షత్రం వెలుగు స్లిట్‌లోంచే రావాలి కాబట్టి ఈ ఇబ్బంది చాలా తక్కువ.

రామప్ప దీపం | మంగళవారం, మధ్యాహ్నం 3:34

మాస్టారూ, ఇప్పుడు అర్థమైంది. మా కాలేజీ ల్యాబ్‌లో వెర్నియర్ చదవలేక పడ్డ అవస్థ కూడా గుర్తొచ్చింది. ధన్యవాదాలండీ.

ఇంకొకటి. డైరెక్ట్ రీడింగ్ అన్నారు కదా. ఉపగ్రహంలో కూడా అలాంటిది తీసుకోవచ్చు కదా? అప్పుడు కోఆర్డినేట్లు ఇవ్వాల్సిన అవసరమే ఉండదు.

గోదారి గట్టు | బోస్టన్ | మంగళవారం, రాత్రి 8:10

మంచి ప్రశ్న. చంద్ర అనే ఎక్స్‌రే ఉపగ్రహంలో అలాగే చేస్తాం. నేను చంద్ర గ్రేటింగ్ డేటాతో పని చేస్తాను. అక్కడ జీరోత్ ఆర్డర్, అంటే గ్రేటింగ్ గుండా తిన్నగా వచ్చిన నక్షత్రం బొమ్మ, డిటెక్టర్ మీదే పడుతుంది. దాని కేంద్రం కనుక్కుంటే అదే డైరెక్ట్ రీడింగ్. కోఆర్డినేట్లు కొంచెం తప్పినా బొమ్మను చూసి దిద్దుకోవచ్చు.

ఆర్‌జీఎస్‌కి ఆ సౌకర్యం లేదు. దాని కెమెరా మీద వంగిన వెలుగు మాత్రమే పడుతుంది, జీరోత్ ఆర్డర్ పడదు. కాబట్టి ఉపగ్రహం ఎటు చూస్తోందన్న లెక్క, సోర్స్ కోఆర్డినేట్లు, ఈ రెండింటి మీదే అంతా ఆధారపడాలి.

సింధూరా, నా సలహా ఇది. కేటలాగ్ పక్కన పెట్టండి. అదే అబ్జర్వేషన్‌లో ఎపిక్ పీఎన్ కెమెరా బొమ్మ ఉంటుంది. అందులో సోర్స్ ఎక్కడుందో కొలిచి ఆ కోఆర్డినేట్లే ఇవ్వండి. ఆ రోజు, ఆ ఉపగ్రహం చూసిన చోటు అదే.

నీలాకాశం | మంగళవారం, రాత్రి 9:02

ఇక్కడ నేను సగమే ఒప్పుకుంటాను.

గోదారి గట్టు గారు చెప్పినదాంట్లో బలమైన పాయింట్ ఉంది. స్టార్ ట్రాకర్ (ఉపగ్రహం ఎటు చూస్తోందో నక్షత్రాలను బట్టి చెప్పే పరికరం) చెప్పే దిశలో చిన్న పొరపాటు ఉంటే అది పీఎన్‌లోనూ, ఆర్‌జీఎస్‌లోనూ ఒకేలా కనిపిస్తుంది. కాబట్టి పీఎన్ స్థానం ఇస్తే ఆ పొరపాటు కొంత కొట్టుకుపోతుంది. కేటలాగ్ స్థానం ఇస్తే అది అలాగే మిగులుతుంది. పేరే లేని కొత్త సోర్స్, ఆప్టికల్‌లో జత దొరకని సోర్స్, గెలాక్సీ గుచ్ఛంలో ఎక్స్‌రే వెలుగు ఎక్కువగా ఉన్న చోటు, వీటికైతే పీఎన్ తప్ప వేరే దారి లేదు.

కానీ దాన్నీ గుడ్డిగా నమ్మలేం. ఎర్ర మరుగుజ్జులు ప్రకాశవంతంగా ఫ్లేర్ అవుతాయి. పీఎన్‌లో పైల్-అప్ (వెలుగు మరీ ఎక్కువై ఫోటాన్లు ఒకదాని మీద ఒకటి పడి ఒకటిగా లెక్కకు రావడం) వస్తే బొమ్మ మధ్య భాగం చెడుతుంది, కేంద్రం కొలత నమ్మదగ్గదిగా ఉండదు. పక్కనే ఇంకో నక్షత్రం ఉంటే కేంద్రం దాని వైపు జరుగుతుంది. పైగా పీఎన్‌కీ, ఆర్‌జీఎస్‌కీ బోర్‌సైట్ (పరికరం సరిగ్గా ఎటు చూస్తోందన్న) క్యాలిబ్రేషన్లు వేర్వేరు. మామూలుగా ఈ పొరపాట్లు ఒకటి రెండు ఆర్క్‌సెకన్లలోనే ఉంటాయి. ఒక ఆర్క్‌సెకను అంటే ఆక్సిజన్ లైన్ దగ్గర 36 కి.మీ.

ప్రాపర్ మోషన్ తెలిసిన దగ్గరి నక్షత్రానికి నేనైతే కేటలాగ్ స్థానాన్ని అబ్జర్వేషన్ తేదీకి తెచ్చి ఇస్తాను. పీఎన్ స్థానం కూడా కొలిచి పక్కన పెట్టుకుంటాను. రెండూ రెండు ఆర్క్‌సెకన్లకు మించి తేడా వస్తే అప్పుడు ఆగి ఎందుకో చూస్తాను.

గోదారి గట్టు | మంగళవారం, రాత్రి 9:20

పైల్-అప్ సంగతి నిజమే, అది నాకు తట్టలేదు. ఈ నక్షత్రానికి మీ పద్ధతే సరి.

సింధూర | బుధవారం, ఉదయం 8:50

అందరికీ చాలా థ్యాంక్స్. నిన్నంతా ఇదే పని. అసలు కస్టమ్ కోఆర్డినేట్లు ఎందుకు ఇచ్చానో చెప్పాలి. మా గ్రూప్‌లో ఒక పాత స్క్రిప్ట్ ఉంది. ఒక జంట నక్షత్రం కోసం రాసింది. అందులో సోర్స్ ఎప్పుడూ చేత్తోనే ఇస్తారు. నేను నక్షత్రం పేరు, నంబర్లు మాత్రమే మార్చాను.

ఇప్పుడు సోర్స్ లిస్ట్ ఫైలు తెరిచి చూశాను. మొదటి వరస ప్రపోజల్, రెండోది ఆన్-యాక్సిస్, మూడోది నేనిచ్చిన యూజర్ (నా ఫైలు చివరి 003 ఇదే). మొదటిదానికీ, మూడోదానికీ దూరం 11 ఆర్క్‌సెకన్లకు పైనే ఉంది. అంటే ప్రపోజల్ రాసినవాళ్లు ప్రాపర్ మోషన్ ముందే లెక్కేసి ఇచ్చారు. నేను ఏమీ ఇవ్వకుండా వదిలేసి ఉంటే సరిగ్గానే వచ్చేది.

అందులోనే డిస్పర్షన్ దిశలో తేడా, దానికి అడ్డంగా తేడా అని రెండు కాలమ్‌లు కనిపించాయి. ఒకదాంట్లో సుమారు 10 ఆర్క్‌సెకన్లు, ఇంకోదాంట్లో 5.5. నీలాకాశం గారు చెప్పిన 10 అక్కడ కనిపించగానే ఎంత ఆనందం వేసిందో.

ఇప్పుడు సరైన కోఆర్డినేట్లతో మళ్లీ నడపాలి. ప్రపోజల్‌ని వాడుకోవచ్చు, కానీ ఈసారి నేనే లెక్కేసి ఇవ్వాలనుకుంటున్నాను. పద్ధతి సరిగ్గా చెప్పగలరా?

నీలాకాశం | బుధవారం, మధ్యాహ్నం 12:40

చెప్తాను, కొంచెం పెద్దగా రాస్తున్నాను. ఇక్కడ జారిపడే చోట్లు చాలా ఉన్నాయి.

అందరికీ తెలిసిన ప్రాక్సిమా సెంటారీతో చూద్దాం. 2000 నాటి స్థానం ఆర్‌ఏ 217.4290 డిగ్రీలు, డెక్ మైనస్ 62.6795. ప్రాపర్ మోషన్ ఆర్‌ఏ దిశలో ఏడాదికి మైనస్ 3.78 ఆర్క్‌సెకన్లు, డెక్ దిశలో ప్లస్ 0.77. 2018 మొదటికి తేవాలంటే 18 ఏళ్లు. డెక్ సులువు: 13.9 ఆర్క్‌సెకన్లు, అంటే 0.0039 డిగ్రీలు కలపాలి. మైనస్ 62.6756 వస్తుంది.

ఆర్‌ఏ దగ్గరే చాలామంది తప్పు చేస్తారు. కేటలాగ్‌లో రాసే ఆర్‌ఏ ప్రాపర్ మోషన్‌లో డెక్ కొసైన్ ముందే గుణించి ఉంటుంది. కోఆర్డినేట్‌కి కలిపేటప్పుడు దాన్ని మళ్లీ భాగించాలి. 3.78ని 18తో గుణిస్తే 68 ఆర్క్‌సెకన్లు. ప్రాక్సిమా డెక్ దగ్గర కొసైన్ 0.459, దాంతో భాగిస్తే 148 ఆర్క్‌సెకన్లు. అంటే 0.0412 డిగ్రీలు తీసేయాలి. ఆర్‌ఏ 217.3878 అవుతుంది. భాగించడం మర్చిపోతే ఆకాశంలో 37 ఆర్క్‌సెకన్ల తప్పు మిగిలిపోతుంది.

అదే ప్రాక్సిమాకి 2018 డేటాలో 2000 నాటి స్థానం ఇస్తే తప్పు దాదాపు 70 ఆర్క్‌సెకన్లు. అది పూర్తిగా డిస్పర్షన్ దిశలో పడితే లైన్లు 0.16 ఆంగ్‌స్ట్రామ్ జరుగుతాయి. ఆర్‌జీఎస్ లైన్ వెడల్పే మొదటి ఆర్డర్‌లో 0.06, 0.07 ఆంగ్‌స్ట్రామ్ ఉంటుంది.

ఇంకో జాగ్రత్త. గయా ఉపగ్రహం మూడో డేటా విడుదలలో ఇచ్చే స్థానం 2016.0 నాటిది. దాన్ని 2000 నాటిది అనుకుని 19 ఏళ్లు కలిపితే తప్పు ఇంకో వైపు వస్తుంది. కేటలాగ్ ఏ సంవత్సరానికి స్థానం ఇస్తోందో ముందు చదవండి. జే2000 అంటే అక్షాల పద్ధతి, నక్షత్రం ఏ ఏడాది ఎక్కడుందో చెప్పే ఎపోక్ వేరు. ఈ రెండూ కలిపేసుకోవడం వల్లే ఇదంతా వచ్చింది.

గంటల్లో ఉన్న ఆర్‌ఏని డిగ్రీల్లోకి మార్చేటప్పుడు 15తో గుణించడం మర్చిపోకండి. డెక్ మైనస్ అయితే డిగ్రీలు, నిమిషాలు, సెకన్లు అన్నిటికీ మైనస్ వర్తిస్తుంది. మైనస్ 62 డిగ్రీలకు 40 నిమిషాలు కలిపి మైనస్ 61.3 రాసినవాళ్లను చూశాను. మైనస్ 0 డిగ్రీల 30 నిమిషాల లాంటి చోట గుర్తే ఎగిరిపోతుంది.

ఇక నడపడం. కొత్త ఫోల్డర్‌లో, ఓడీఎఫ్ (అబ్జర్వేషన్ ముడి డేటా ఫైళ్లు) నుంచి, మొదటి స్టేజ్ నుంచి మళ్లీ నడపండి. మధ్యలోంచి మొదలుపెట్టకండి. సోర్స్ లిస్ట్ మొదటి స్టేజ్‌లోనే తయారవుతుంది, తరంగదైర్ఘ్యం లెక్క రెండో స్టేజ్‌లో యాంగిల్స్ దగ్గర జరుగుతుంది. నాలుగో స్టేజ్ నుంచి నడిపితే కొత్త స్ట్రిప్ (డిటెక్టర్ మీద స్పెక్ట్రమ్ తీసే పట్టీ), పాత తరంగదైర్ఘ్యం కలిసిపోతాయి. ఇలాంటి తప్పు ఎర్రర్ కూడా ఇవ్వదు.

రెస్పాన్స్ ఫైలు (పరికరం వెలుగును ఎలా నమోదు చేస్తుందో చెప్పేది) కూడా కొత్త నడకలోంచి వచ్చిందే వాడండి, చివర 003 ఉన్నదే. కొత్త స్పెక్ట్రమ్‌కి పాత రెస్పాన్స్ తగిలిస్తే ఫిట్‌లో ఏం వచ్చినా దానికి అర్థం ఉండదు.

పినాకిని | నెల్లూరు | బుధవారం, సాయంత్రం 5:15

నేనూ ఒక అనుభవం చెప్తాను. సింధూరకి ఆ ఇంకో కాలమ్, అడ్డంగా ఉన్న 5.5 ఆర్క్‌సెకన్లు, అంతగా నొప్పించలేదు. నాకు మాత్రం అదే పెద్ద దెబ్బ కొట్టింది.

నా సోర్స్‌లో లైన్లన్నీ చక్కగా వాటి చోటే ఉన్నాయి. ఫ్లక్స్ మాత్రం పీఎన్‌తో పోలిస్తే సగం కూడా రాలేదు. నాలుగు నెలలు నక్షత్రమే మారిందని అనుకున్నాను. చివరికి చూస్తే నేనిచ్చిన స్థానం డిస్పర్షన్‌కి అడ్డ దిశలో చాలా పక్కకి ఉంది. ఆర్‌జీఎస్‌ప్రాక్ స్పెక్ట్రమ్ తీసే స్ట్రిప్ ఆ దిశలో ఇరుకుగా ఉంటుంది, సోర్స్ వెలుగులో 95 శాతం పట్టేలా గీస్తారు. స్ట్రిప్ పక్కకి పోతే నక్షత్రం సగం బయటే ఉండిపోతుంది. పైగా ఆ బయట పడ్డ వెలుగు బ్యాక్‌గ్రౌండ్‌లోకి వెళ్లి సోర్స్‌లోంచి తీసివేత కూడా అయిపోయింది. రెండు వైపులా నష్టం.

అందుకే ఇప్పుడు ఏ డేటా చేసినా ముందు బొమ్మ గీస్తాను. బీటా (డిస్పర్షన్ కోణం) ఒక అక్షం, అడ్డ దిశ ఇంకో అక్షం. దాని మీద స్ట్రిప్ గీతలు వేసి వెలుగు గీత మధ్యలోంచి వెళ్తోందో లేదో కళ్లతో చూస్తాను. ఎనర్జీతో గీసే అరటిపండు ఆకారం బొమ్మ కూడా తప్పకుండా చూస్తాను. దయచేసి అందరూ ఈ అలవాటు చేసుకోండి. ఒక్క బొమ్మ గీసి ఉంటే నా నాలుగు నెలలు మిగిలేవి.

మాస్టారు | బుధవారం, సాయంత్రం 6:00

అమ్మా పినాకిని, ఇలా మనసు విప్పి చెప్పినందుకు సంతోషం. పిల్లలకు ప్రయోగం నేర్పేటప్పుడు నేనూ ఇదే చెప్పేవాణ్ని, వెర్నియర్ ముట్టుకునే ముందు ఐపీస్‌లో చూడమని.

రామప్ప దీపం | బుధవారం, రాత్రి 7:45

ఒకే ఫీల్డులో రెండు సోర్సులు ఉంటే ఎలా? పాత స్క్రిప్ట్ జంట నక్షత్రం కోసం రాశారని సింధూర అన్నారు కదా.

నీలాకాశం | బుధవారం, రాత్రి 8:30

కాస్టర్ మంచి ఉదాహరణ. మిథున రాశిలో కంటికి ఒకే నక్షత్రంలా కనిపిస్తుంది. నిజానికి అందులో ఆరు ఉన్నాయి. కాస్టర్ ఏ, బీ జంటలు ఒకచోట, వైవై జెమినోరమ్ అనే జంట అక్కడినుంచి సుమారు 71 ఆర్క్‌సెకన్ల దూరంలో. ఎక్స్‌రేలలో రెండు చోట్లూ వెలుగుతాయి. ఆర్‌జీఎస్‌కి స్లిట్ లేదు కాబట్టి రెండింటి వెలుగూ ఒకే డిటెక్టర్ మీద పడుతుంది.

ఇలాంటప్పుడే కస్టమ్ కోఆర్డినేట్లు తప్పనిసరి. పాత స్క్రిప్ట్ రాసినవాళ్లు అవసరం కొద్దీ రాశారు. రెండు సోర్సుల స్థానాలూ లిస్ట్‌లో ఉండాలి. ఒకదాన్ని తీసేటప్పుడు రెండోదాని చోటు బ్యాక్‌గ్రౌండ్‌లోంచి మినహాయించాలి. రెండు స్ట్రిప్‌లు విడిపోతాయా, కలిసిపోతాయా అన్నది ఆ రోజు ఉపగ్రహం చూసే దిశ చుట్టూ ఎంత తిరిగి ఉందో, అంటే దాని పొజిషన్ యాంగిల్ ఎంతో దాన్ని బట్టి ఉంటుంది. రెండూ డిస్పర్షన్ దిశలో ఒకే వరసలో పడితే ఏ కోఆర్డినేట్లు ఇచ్చినా విడదీయలేం. ఒకదాని లైన్లు ఇంకోదాని స్కేలు మీద 0.16 ఆంగ్‌స్ట్రామ్ జరిగి కనిపిస్తాయి.

సింధూర | గురువారం, మధ్యాహ్నం 2:25

మళ్లీ మొదటి నుంచి నడిపాను. ప్రాపర్ మోషన్ చేత్తో ఒకసారి, కోడ్‌తో ఒకసారి లెక్కేశాను. రెండూ సరిపోయాయి. పీఎన్ స్థానం కూడా కొలిచాను, ఒక ఆర్క్‌సెకను లోపలే ఉంది. పినాకిని అక్క చెప్పినట్టు బొమ్మ గీశాను. వెలుగు గీత స్ట్రిప్ మధ్యలోంచి తిన్నగా వెళ్తోంది.

ఆక్సిజన్ 8 ఇప్పుడు 18.969 దగ్గర ఉంది. మిగతా మూడూ వాటి చోట్ల నుంచి 2, 3 మిల్లీ ఆంగ్‌స్ట్రామ్ లోపలే ఉన్నాయి. నిన్న రాత్రి ఇది చూసి హాస్టల్‌లో అందరినీ లేపాను.

ఒక ప్రశ్న మాత్రం మిగిలింది. ఇప్పుడు ఆక్సిజన్ లైన్ కచ్చితంగా ఉండాల్సిన 18.967 కంటే 2 మిల్లీ ఆంగ్‌స్ట్రామ్ ఎక్కువ ఉంది, అంటే సుమారు 30 కి.మీ. తెలిసిన వేగం 20. దగ్గర్లోనే ఉంది కదా, నక్షత్రం వేగం కొలిచామని రాయొచ్చా?

గోదారి గట్టు | గురువారం, సాయంత్రం 6:40

అభినందనలు సింధూరా! కానీ అది మాత్రం రాయకండి.

ఆర్‌జీఎస్ తరంగదైర్ఘ్యం స్కేలులోనే కొన్ని మిల్లీ ఆంగ్‌స్ట్రామ్‌ల సిస్టమాటిక్ పొరపాటు ఉంటుంది. 6 అనుకుంటే ఆక్సిజన్ దగ్గర 95 కి.మీ. అంత అనిశ్చితిలో 20నీ, 30నీ విడదీయలేం. భూమి సూర్యుడి చుట్టూ తిరిగే వేగమే సెకనుకు 30 కి.మీ. ఆ దిద్దుబాటు మీ నడకలో జరిగిందో లేదో ముందు చూడాలి. సూర్యుడికీ ఉపగ్రహం చూసే దిశకీ మధ్య కోణాన్ని బట్టి కూడా స్కేలు కొంచెం జరుగుతుంది, కొత్త సాస్‌లో దానికి దిద్దుబాటు ఉంది. మీరు వాడిన వెర్షన్ ఏదో పేపర్‌లో రాయండి. లైన్లు క్యాలిబ్రేషన్ పరిధిలో తెలిసిన స్థానాలతో సరిపోయాయని రాస్తే చాలు. అది నిజం, అది బలమైన మాట కూడా.

రామప్ప దీపం | గురువారం, రాత్రి 9:10

స్క్రిప్ట్ గురించి నేనొక సాయం చేయగలను. సింధూర గారూ, ఆ పాత స్క్రిప్ట్‌లో నంబర్లు చేత్తో రాసే చోటు తీసేయండి. దాని బదులు నాలుగు విషయాలు అడగాలి: కేటలాగ్ స్థానం, దాని ఎపోక్, ప్రాపర్ మోషన్, అబ్జర్వేషన్ తేదీ. తేదీని ఫైలు హెడర్ నుంచే తీసుకోవచ్చు. ఆస్ట్రోపై అనే పైథాన్ లైబ్రరీలో స్కైకోఆర్డ్‌కి స్థానాన్ని కాలంతో పాటు జరిపే మెథడ్ ఉంది, కొసైన్ గొడవ అదే చూసుకుంటుంది.

సోర్స్ లిస్ట్ తయారవగానే ప్రపోజల్‌కీ, యూజర్‌కీ మధ్య దూరం లెక్కేసి 3 ఆర్క్‌సెకన్లు దాటితే స్క్రిప్ట్ అక్కడే ఆగిపోవాలి. ఆ దూరం వల్ల లైన్లు గరిష్ఠంగా ఎంత జరుగుతాయో కూడా ముద్రించాలి, దూరాన్ని ఆర్క్‌మినిట్లలోకి మార్చి 0.138తో గుణించి. జంట నక్షత్రాలకు కావాలనే దూరం ఇస్తారు కాబట్టి, ఆగిన చోట మనిషి అవునంటేనే ముందుకు వెళ్లాలి. రేపు సాయంత్రానికి రాసి ఇస్తాను, మీరు పరీక్షించి చెప్పండి.

సింధూర | శుక్రవారం, రాత్రి 10:05

మీటింగ్ బాగా జరిగింది. నాలుగు లైన్లు ఒకే మోతాదులో జరిగిన పట్టికే ముందు చూపించాను. గైడ్ గారు చాలాసేపు దాని గురించే అడిగారు.

రామప్ప గారి స్క్రిప్ట్ నా డేటా మీద నడిపాను. పాత కోఆర్డినేట్లు ఇవ్వగానే 11.4 ఆర్క్‌సెకన్ల దగ్గర ఆగింది.

మీటింగ్‌లో ఇంకోటి తేలింది. ఇదే నక్షత్రానికి మా గ్రూప్ దగ్గర ఇంకో రెండు పాత అబ్జర్వేషన్లు ఉన్నాయి. అవి కూడా అదే పాత స్క్రిప్ట్‌తో, అదే జే2000 నంబర్లతో చేసినవే. ఒకటి 2004ది, ఇంకోటి 2011ది. లెక్కేస్తే మొదటిదానికి 2.4 ఆర్క్‌సెకన్లు, రెండోదానికి 6.6 వస్తోంది. పొజిషన్ యాంగిల్స్ వేరు కాబట్టి లైన్లు ఎటు ఎంత జరిగాయో చూస్తే గానీ తెలియదు. రెండు ఓడీఎఫ్‌లూ ఇప్పుడు డౌన్‌లోడ్ అవుతున్నాయి. 2004దాన్ని మా స్క్రిప్ట్ ఆపదు కదా, 3 కంటే తక్కువ. దాన్నీ మళ్లీ చేయాలా?

నీలాకాశం | శుక్రవారం, రాత్రి 10:30

చేయండి. 2.4 ఆర్క్‌సెకన్లు అంటే గరిష్ఠంగా 5.5 మిల్లీ ఆంగ్‌స్ట్రామ్. దాదాపు క్యాలిబ్రేషన్ పొరపాటంత. మూడు అబ్జర్వేషన్లూ కలిపి ఒకే స్పెక్ట్రమ్ చేస్తే అది లైన్‌ని కొంచెం వెడల్పు చేస్తుంది, ఆ వెడల్పును ఎవరో ఒకరు నక్షత్రం మీద వేస్తారు. మూడూ ఒకే పద్ధతిలో, ఒకే సాస్ వెర్షన్‌తో, ఎవరి తేదీకి వాళ్ల స్థానంతో నడిపి, తర్వాతే కలపండి.